ముందు భుజం

జహీరాబాద్‌లో మాజీ సైనికుల సంఘాన్ని నేనొక్కడినే నిలబెట్టాను. నలభై ఏళ్లుగా కార్యదర్శిని. ఝరాసంగం నుంచి న్యాల్‌కల్ దాకా నా చేతి మీదుగా పోని పెన్షన్ కాగితం లేదు.

ఒక్కడినే కాదులెండి, ఇద్దరం. కాగితాలు రాసింది నేను. వాటిని పట్టుకొని బస్సులో సంగారెడ్డి పోయి, జిల్లా ఆఫీసు మెట్ల మీద కూర్చొని, పని అయ్యాకే లేచి వచ్చింది నా దోస్తు. ఇద్దరం ఒకే పటాలంలో పనిచేశాం. అతనికి మాట తక్కువ. నాకు మాటే ఉద్యోగం.

ఆ మాటల్లోకెల్లా పెద్దదాన్ని ఏటా జెండా పండుగ రోజు చెప్పేవాణ్ణి. యుద్ధంలో, మంచుకొండ మీద సోయి తప్పిన నా దోస్తును భుజాన వేసుకొని కిందికి దించానని. మొదట్లో మూడు కిలోమీటర్లు అన్నాను. సంఘానికి గది ఇమ్మని జిల్లా ఆఫీసు పెద్ద సారు ముందు నిలబడ్డ రోజున అది ఐదైంది. పోయిన ఏడాదికి పదకొండు.

జరిగింది వేరు. మంచుకు నా ఎడమ కాలు మొద్దుబారి మూడు వేళ్లు నల్లబడ్డాయి. నడవలేక కూలబడితే అతనే నన్ను వీపున వేసుకున్నాడు. దారి పొడుగునా మా అమ్మను పిలుస్తూ ఏడ్చాను.

"జర చుప్ ఉండురా, ఏడిస్తే ఇంకింత బరువైతున్నవ్," అన్నాడు. అంతే.

గది కోసం నేను కథ తిప్పి చెప్పిన రోజున అతను నా పక్కనే నిలబడి ఉన్నాడు. బయటికొచ్చి చాయ్ తాగుతూ అతని ముఖం చూడలేకపోయాను.

"గదైతే దొరికింది గదా," అన్నాడు. "చెప్పుకో. నాకేం తక్వైతది?"

అతని భార్య మాత్రం ఆ కథను నమ్మింది. ప్రతి ఏడూ వాళ్ల చేనులో తవ్విన మొదటి అల్లం గడ్డలను సంచిలో వేసుకొని, షేర్ ఆటోలో సంఘం గదికి వచ్చేది.

"మా ఇంటి మనిషిని మోసుకొచ్చిన అన్న తిన్నంకనే మేము తినాలె," అనేది.

నేను సంచి అందుకునేవాణ్ణి. అతను పక్కన కూర్చొని దరఖాస్తులకు గుండుసూదులు గుచ్చుతూ ఉండేవాడు.

ఈ వానాకాలంలో అతను పోయాడు. దవాఖానలో మూడు రోజులున్నాడు, నాలుగో రోజు లేడు. సంఘం రివాజు ప్రకారం మేమంతా టోపీలు, పతకాలు పెట్టుకొని వాళ్లింటికి వెళ్లాం. పాడె ఎత్తే ముందు కార్యదర్శి నాలుగు మాటలు చెప్పాలి. నేను గొంతు సవరించుకుంటుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ముందు భుజం నువ్వే పట్టు. కొడుకు ఎనక పట్టుకుంటడు. అప్పుడు మోసుకొచ్చినవ్, ఇప్పుడు నువ్వే సాగదోలు."

పదకొండు కిలోమీటర్లూ నా గొంతులో అడ్డం పడ్డాయి.

"నేను మోయలే చెల్లె," అన్నాను. "ఆయనే నన్ను మోసిండు. గిన్నేండ్లు అబద్ధం చెప్పిన."

సంఘం వాళ్లలో ఒకడు నా రెట్ట పట్టుకున్నాడు. "దుఃఖంల ఏందేందో అంటుండు, పట్టించుకోకుండ్రి." ఇన్నేళ్ల అబద్ధం నమ్మినవాళ్లకు ఒక్క నిజం నమ్మబుద్ధి కాలేదు.

ఆమె నమ్మింది. చెప్పులు విప్పి నిలబడ్డ నా ఎడమ కాలి వైపు, మూడు వేళ్లు లేని చోటు వైపు చూసింది. తర్వాత పాడె మీది ముఖం వైపు తిరిగింది.

"కోపమొచ్చినప్పుడల్లా, ఒకని భుజం మీద బతికొచ్చినోనివని ఎత్తిపొడుస్తుంటి గదయ్యా. నువ్వన్న చెప్పకపోతివి."

ముందు భుజం కొడుకే పట్టాడు. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. వెనక పట్టుకున్నాను. వాళ్ల గడప నుంచి వీధి మలుపులో బోరింగు దాకా మోశాను. అక్కడ కాలు తడబడితే ఎవరో నా చోటు తీసుకున్నారు. ఇరవై అడుగులుంటుంది. ఇందులో ఒక్కటి కూడా పెంచలేదు.

ఇప్పుడు అల్లం తవ్వుతున్నారు. సంచి రాలేదు. ఆమె పెన్షన్ కాగితాలు రాసుకొని నేనే వాళ్లింటికి వెళ్లాను. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. కాగితాలు మడుస్తుంటే అడిగింది.

"నిన్ను ఎంత దూరం మోసిండన్నా?"

జీవితంలో మొదటిసారి నా దగ్గర లెక్క లేదు.

"తెల్వదు చెల్లె," అన్నాను. "నేను కండ్లు మూసుకొని ఉంటి."