ఇంగలిల్ విమానం మానేసిన సంగతి

గోథెన్‌బర్గ్‌లో పదకొండో నంబరు ట్రామ్ నడిపే ఇంగలిల్ స్ట్రాండ్‌మన్‌కి సముద్రం రోజుకు నాలుగుసార్లు కనిపించేది. ఊరి నడిబొడ్డు మీదుగా వచ్చిన ట్రామ్ చిట్టచివర సాల్త్‌హోల్మెన్ రేవు దగ్గర ఆగేది. జనమంతా దిగి దీవులకు వెళ్ళే పడవలెక్కేవారు. ఇంగలిల్ మాత్రం ఫ్లాస్కులోని కాఫీ ఆరు నిమిషాల్లో తాగేసి, ట్రామ్‌ని మళ్ళీ ఊళ్ళోకి తిప్పేది. ఆ ఆరు నిమిషాలూ ఆమె చూపు నైరుతి దిక్కుకే అతుక్కుపోయేది. అటు, ఎక్కడో ఆఫ్రికా పక్కన ఉన్న స్పెయిన్ వాళ్ళ దీవిలో, లాస్ పాల్మాస్ అనే ఊళ్ళో ఆమె అక్క గున్‌వోర్ ఉండేది.

గున్‌వోర్ అయిదేళ్ళు పెద్ద. ఇంగలిల్‌కి ఈత నేర్పింది, మంచు మీద జారడం నేర్పింది, చెల్లెలు తాగుబోతు మొగుణ్ణి వదిలి వచ్చేసిన రోజున తన మంచంలో సగం చోటిచ్చింది. కీళ్ళనొప్పులతో ఇక్కడి చలికాలాలు పడలేక, ఉద్యోగం అయిపోగానే ఆ వేడి దీవికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఏటా ఫిబ్రవరిలో ఇంగలిల్ విమానమెక్కి వెళ్ళి వారం రోజులుండేది. ఆమెతో పనిచేసేవాళ్ళు ఎండ కోసం అటు వెళ్ళేవారు. ఇంగలిల్‌కి ఎండతో పనిలేదు. అక్క బాల్కనీలో కూర్చుని నారింజలు వొలుస్తూ, చనిపోయిన అమ్మ మాంసం ఉండల్లో మిరియాలు వేసేదా లేదా అని వాదించుకోవడమే ఆమెకు సెలవు.

అలాంటి ఇంగలిల్ జీవితంలోకి పర్యావరణం వచ్చిపడింది.

ఆమె ఉండే చెక్క మేడలో పద్నాలుగు వాటాలు. కింది వాటాలోని రూనె హాల్‌క్విస్ట్ ఒకప్పుడు ఓడల్లో మెకానిక్కు. రిటైరయ్యాక భూమిని కాపాడాలంటూ ఆయన పట్టుబట్టి మేడకొక పచ్చదనం కమిటీ పెట్టించాడు. దానికి అధ్యక్షుడు ఆయనే, కార్యదర్శీ ఆయనే. చెత్తగదిలో ఎనిమిది డబ్బాలు వెలిశాయి. ఒకరోజు ఇంగలిల్ టీ సంచీ పడేయబోతుంటే రూనె వెనకనుంచి దగ్గాడు.

"ఆగండి. ఆ దారం ఎందులో వేస్తారు?"

"టీ ఆకుతోపాటే పోతుందిగా."

"ఆకు కుళ్ళే చెత్తలోకి. కాగితం ముక్క కాగితాల్లోకి. ఇదిగో, ఈ చిన్న పిన్ను చూశారా? ఇది ఇనుము."

"రూనే, ఈ పిన్ను కోసం నేను కళ్ళజోడు తెచ్చుకోవాలి."

"తెచ్చుకోండి మరి. నేనిక్కడే ఉంటాను."

ఇంగలిల్ నవ్వుకున్నా, ఏ పని చేసినా మనస్ఫూర్తిగా చేసే మనిషి. నిజానికి భూమి వేడెక్కిపోతోందని ఆమెకు భయంగానే ఉండేది. చిన్నప్పుడు అక్కతో కలిసి స్కేటింగ్ చేసిన చెరువు ఇప్పుడు రెండేళ్ళకోసారి కూడా గట్టిగా గడ్డకట్టడం లేదు. అందుకని సింకు కింద పెట్టెలో వానపాములు పెంచడం మొదలెట్టింది. నిమ్మతొక్కలు వాటికి పడవని తెలియక వేసింది. మర్నాడు పొద్దున్నే అవన్నీ అలిగి, బారులు తీరి హాల్లోని తివాచీ మీదకు వచ్చేశాయి. ఒక్కొక్కదాన్నీ చెంచాతో ఎత్తుతూ "తప్పయిపోయిందమ్మా" అని క్షమాపణ చెప్పుకుంది. స్నానం మూడు నిమిషాలకు కుదించింది. వేడినీళ్ళు వచ్చేలోపు కారిపోయే చన్నీళ్ళను బక్కెట్లో పట్టి బాల్కనీలో టమాటా మొక్కలకు పోసింది. వేసవంతా పోస్తే ఏడు కాయలు కాశాయి. షాంపూ బదులు సబ్బుబిళ్ళ వాడేసరికి జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. కొత్త బట్టలు కొనడం మానేసి, పాతబట్టల దుకాణంలో ఒక ఊలు కోటు చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. ఇంటికొచ్చి జేబులో చెయ్యి పెడితే తన పేరున్న పాత లైబ్రరీ చీటీ దొరికింది. రెండేళ్ళ క్రితం ఆ దుకాణానికి ఇచ్చేసింది తనే.

ఇవన్నీ ఆదివారం ఫోన్లో చెబుతుంటే గున్‌వోర్ పొట్ట పట్టుకుని నవ్వేది. "ఇంకా చెప్పవే, ఇంకా చెప్పు" అనేది. ఆ నవ్వు వినడం కోసమైనా ఇంగలిల్ వారమంతా ఏదో ఒక కొత్త తంటా తెచ్చిపెట్టుకునేది.

జనవరిలో మేడవాళ్ళ సమావేశం జరిగింది. రూనె గోడకొక పట్టీ అంటించాడు. ఎవరి వాటా ఎంత పచ్చగా ఉందో అందులో మార్కులు. ఇంగలిల్ పేరు అన్నిటికన్నా అడుగున ఉంది.

"ఇదేం అన్యాయం? వానపాములున్నది నా ఒక్కదానింట్లోనే కదా!" అందామె.

"పాపం, ఆ వానపాములు ఏడాదంతా కష్టపడి మిగిల్చిందంతా మీరు ఫిబ్రవరిలో విమానం పొగతో ఒక్క మధ్యాహ్నంలో ఎగరగొట్టేస్తున్నారు" అన్నాడు రూనె.

అందరూ గొల్లుమన్నారు. ఇంగలిల్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడింది. "అయితే ఇక నేను విమానం ఎక్కను. రాసుకోండి."

రూనె నిజంగానే రాసుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక గానీ తానేమన్నదో ఇంగలిల్‌కి పూర్తిగా అర్థం కాలేదు.

ఆ ఆదివారం సంగతి చెబితే గున్‌వోర్ ముందు నవ్వింది. తరవాత నవ్వు ఆపి అడిగింది.

"ఏమే ఇంగా, అంటే ఇక రావా?"

"వస్తానక్కా. రైల్లో వస్తా, ఓడలో వస్తా. దారులే లేవా?"

"నీ మొండితనం నాకు తెలుసులే" అంది గున్‌వోర్. రమ్మని మాత్రం అడగలేదు.

ఆ ఫిబ్రవరి వెళ్ళలేకపోయింది. రైలూ ఓడా పట్టుకుంటే పోనూ రానూ పది రోజులు పోతాయి, అన్నాళ్ళు సెలవు దొరకలేదు. మరుసటి ఫిబ్రవరికి ఇంగలిల్‌కే తుంటి ఎముక నొప్పి పట్టుకుంది. పట్టీలో ఇంగలిల్ పేరు పైపైకి పాకి మూడో స్థానానికి చేరింది. సాల్త్‌హోల్మెన్‌లో కాఫీ మాత్రం తాగకుండానే చల్లారిపోతూ వచ్చింది. ఫోను తెరమీద అక్క ముఖం కనిపిస్తూనే ఉంది. కానీ ఆ ముఖం పక్కన కూర్చోవడానికి వీల్లేదు, నారింజ తొన సగం విరిచి పెట్టడానికి వీల్లేదు.

మూడో ఏడు ఏప్రిల్లో రెండు వారాలు సెలవు పెట్టి బయల్దేరింది. కోపెన్‌హాగన్, హాంబర్గ్, పారిస్, బార్సిలోనా, మాడ్రిడ్, ఆ తరవాత స్పెయిన్ కొసన కాదిజ్. అక్కడినుంచి వారానికి రెండే ఓడలు, రెండు రాత్రుల ప్రయాణం. సంచిలో అక్క కోసం రై ధాన్యపు నల్ల రొట్టె, ఏలకుల బన్నులు, చేప గుడ్ల ముద్ద ట్యూబులు నాలుగు. హాంబర్గ్ దాటాక ఏదో సిగ్నల్ పాడై రైలు బీడు పొలాల మధ్య నిలబడిపోయింది. ఆ ఆలస్యంతో పారిస్ బండి తప్పింది, అది తప్పడంతో బార్సిలోనా బండి తప్పింది. నాలుగో రోజు మధ్యాహ్నం కాదిజ్ రేవుకు పరుగెత్తుకుంటూ చేరేసరికి, టికెట్ల కిటికీలోని ఆవిడ సముద్రం వైపు వేలు చూపింది. దూరంగా నీళ్ళమీద తెల్లగా, సబ్బుబిళ్ళంత ఓడ.

ఇంగలిల్ పెట్టె మీద కూలబడి అక్కకు ఫోన్ చేసింది.

"తప్పిపోయిందక్కా. ఎదురుగా కనబడుతోంది, వెళ్ళిపోతోంది."

"ఏడవకే. అక్కడికి దగ్గర్లో విమానాశ్రయం ఉంటుంది. ఎక్కి వచ్చెయ్."

"అందరిముందూ మాటిచ్చాను."

"నీ మాట తగలెయ్య! మూడేళ్ళయిందే నిన్ను చూసి!" గున్‌వోర్ అలా అరవడం ఇంగలిల్ ఎన్నడూ వినలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ ఆవిడే అంది, "అక్కడే ఉండు. కదలకు. రేపు ఇక్కణ్ణుంచి అటు ఓడ ఉంది. నేనే వస్తా."

మూడోరోజు పొద్దున ఓడ దిగిన జనంలో గున్‌వోర్‌ని ఇంగలిల్ వెంటనే పోల్చలేకపోయింది. మనిషి చిక్కి సగమైంది. ముఖం ఓడ కుదుపులకు పాలిపోయి ఉంది.

"దారంతా సముద్రానికి నా భోజనం పెట్టుకుంటూ వచ్చాను" అంది గున్‌వోర్. ఇద్దరూ రేవులోనే ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు. సామాన్ల బండి నడిపేవాడు రెండుసార్లు హారన్ కొట్టి, చివరికి చుట్టూ తిరిగి పోయాడు.

ఒడ్డున గోడమీద కూర్చుని కాగితపు పొట్లంలో వేయించిన చేపలు తింటుంటే గున్‌వోర్ అంది, "ఇంకో మాట విను. ఓడలో ఒక పెద్దాయన లెక్కలు వేసి చూపించాడు. ఇంత పెద్ద ఓడ తాగే నూనె మనిషికింతని పంచి చూస్తే, విమానం కన్నా ఎక్కువే అవుతుందట."

ఇంగలిల్ నోట్లో చేప అలాగే ఉండిపోయింది. "నిజమా?"

"ఏమో, ఆయన అలాగే అన్నాడు."

ముందు గున్‌వోర్ నవ్వింది. తరవాత ఇంగలిల్. గోడమీదనుంచి పడిపోతారేమో అన్నంతగా నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేటప్పుడు ఇంగలిల్ అక్క చేతులు చూసింది. వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, పక్కకు వొంగిపోయి ఉన్నాయి. పొట్లం వేళ్ళతో కాక రెండు మణికట్ల మధ్య పట్టుకుంది.

"ఎప్పటినుంచి ఇలా?"

"రెండేళ్ళయింది."

"ప్రతి ఆదివారం మాట్లాడుకుంటున్నాం కదా!"

"ఫోన్లో మొహమే కదే కనిపించేది" అంది గున్‌వోర్. పాదం ముందుకు చాపింది. "ఈ లేసు కాస్త కట్టు. ఓడలో ఎవరినీ అడగలేక జోడులోపలికి తోసేశాను."

ఇంగలిల్ కిందకు వొంగి లేసు కట్టింది. ముడి గట్టిగా పడేదాకా తల ఎత్తలేదు.

ఆ సాయంత్రమే ట్రామ్ డిపోకు ఫోన్ చేసి ఇంకో వారం సెలవడిగింది. మర్నాడు అక్కతో కలిసి అదే ఓడెక్కి దీవికి వెళ్ళింది. తొమ్మిది రోజులు ఉంది. సీసాల మూతలు తీసింది, గుండీలు పెట్టింది, తల దువ్వింది, మిరియాల వాదనలో మళ్ళీ ఓడిపోయింది. అక్కడినుంచి తిన్నగా విమానమెక్కి ఇంటికి తిరిగొచ్చింది.

వచ్చిన మొదటి ఉదయమే మెట్లమీద రూనె ఎదురయ్యాడు.

"రైలు ప్రయాణం ఎలా జరిగింది?"

"విమానంలో వచ్చాను రూనే. ఇక ఏటా ఎక్కుతాను, ఒకసారి కాదు, రెండుసార్లు. పట్టీలో నన్ను ఎక్కడ పెట్టుకుంటారో పెట్టుకోండి."

రూనె ఏదో అనబోయి ఆమె ముఖం చూశాడు. "అక్కగారు బావున్నారా?" అని మాత్రం అడిగాడు.

"బాగా లేదు" అంది ఇంగలిల్. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మెట్టుమీద కూర్చుండిపోయింది. రూనె కూడా, మోకాళ్ళు పట్టుకుని, ఆమె పక్కనే మెల్లగా కూర్చున్నాడు.

చెత్త వేరుచేయడం ఆమె మానలేదు. వానపాములూ బాగానే ఉన్నాయి. అక్క దగ్గరే ఉండడానికి గడువుకన్నా ముందే ఉద్యోగం విరమించుకుంటానని మే నెలలో డిపోలో కాగితం ఇచ్చింది. పద్దెనిమిది నెలలు ఆగాలన్నారు. అప్పటిదాకా అక్క ఇంట్లో ఎవరైనా పొద్దున్నే వచ్చి లేసులు కడతారేమోనని, వచ్చీరాని స్పానిష్‌లో అక్క పక్కవాటావాళ్ళకు ఒక ఉత్తరం రాసింది. రాసిందాన్ని నాలుగుసార్లు చింపి, అయిదోసారి పోస్టు చేసి, జవాబు కోసం చూస్తోంది.