పొందూరు పంచెతో మోటారు సైకిలు మీద

విజయనగరం వెళ్లి మోటారు సైకిలు నేర్చుకోవాలని నాకు బుద్ధి పుట్టింది బండి మీద మోజుతో కాదు, మా తోడల్లుడు సన్యాసిరావు మీద కుళ్లుతో. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. అరవైల చివర్లో మా వైపు మోటారు సైకిలున్న వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గోగునార వ్యాపారం కోసం ఊళ్లు తిరగాలని అతను ఒకటి కొన్నాడు. నేను పొందూరులో ఎలిమెంటరీ స్కూలు మాస్టర్ని, నాకున్నది సైకిలు. దసరాకి విజయనగరంలో అక్క ఇంటికి వెళ్లొచ్చిన మా ఆవిడ నరసమ్మ, బావ బండి వెనక కూర్చుంటే మంచం మీద కూర్చున్నట్టే ఉందని నెల రోజులు చెప్పింది. ఒకరోజు నాకు అన్నం వడ్డిస్తూ కూడా చెప్పింది. నేను సగంలో చెయ్యి కడిగేసుకుని, నేనూ నేర్చుకుంటాను, నిన్ను వెనక ఎక్కించుకుని రామతీర్థం గుడికి తీసుకెళ్తాను అనేశాను.

"నేర్సుకోండి, ఎక్కుతాను" అంది. వేళాకోళంగా అంటే మర్చిపోయేవాణ్ణి. మామూలుగా అంది.

తీరా చూస్తే నేర్పే మనిషీ సన్యాసిరావే, బండీ అతనిదే. వేరే గతి లేదు. రెండు రోజులకి వస్తున్నామని కార్డు రాసి పడేశాను.

శనివారం పొద్దున ఆరూ నలభైకి పొందూరు స్టేషన్లో పాసెంజరు ఎక్కాం. పెళ్లిళ్లకి తప్ప బయటికి తీయని పంచె కట్టుకున్నాను. దాని నూలు నరసమ్మే వడికింది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, వంట పని అయ్యాక గుమ్మంలో కూర్చుని ఏడాది పాటు తీసిన నూలు. సన్యాసిరావుకి బండి ఉంటే ఉండనీ, ఇలాంటి పంచె అతని పెట్టెలో లేదు కదా అని నా ధైర్యం. సంచిలో ఒక లుంగీ తప్ప ఏమీ పెట్టుకోలేదు. సిగడాంలో వంకాయల గంపతో ఎక్కిన రైతు ఒకాయన నా పక్కన సర్దుకుని, అడక్కుండానే పంచె అంచు పట్టుకు చూశాడు.

"పొందూరుదేనా మాస్టారూ? సేతికి తగల్నేదు."

చీపురుపల్లిలో దిబ్బరొట్టి తింటున్నంతసేపూ నాకు ఆ మాటే రుచిగా ఉంది.

ఎనిమిదిన్నరకి విజయనగరం. స్టేషన్ బయట సన్యాసిరావు బండి మీదే కూర్చుని ఉన్నాడు, కాళ్లు రెండూ నేలకి ఆన్చి, చేతులు కట్టుకుని. మరదల్ని నేను దించేస్తాను, సామాను నువ్వు రిక్షాలో పట్టుకొచ్చెయ్ తమ్ముడూ అన్నాడు. నరసమ్మ నా మొహం చూసింది. వెళ్లమన్నాను. వెళ్లనంటే బాగుండునని లోపల ఉంది. ఆమె ఎక్కింది, బండి వెళ్లిపోయింది. నేను రిక్షా ఎక్కి, తొక్కు తొక్కు అని తొందర పెడుతుంటే రిక్షా అతను వెనక్కి తిరిగి, "ఆ బండితోటి మనకేటి బాబూ పందెం" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఊరి చివర మైదానంలో, లుంగీ ఎగ్గట్టుకున్నాక, చదువు మొదలైంది. ఆడవాళ్లిద్దరూ గట్టు మీద కూర్చున్నారు. క్లచ్చి వదలడం, గేరు వెయ్యడం అరగంటలో వచ్చేశాయి. రానిది ఒకటే, బండిని తిన్నగా నిలబెట్టడం. సైకిలు తొక్కేవాడికి ఇదెంత అనుకున్నాను. కానీ నెమ్మదిగా పోనిస్తే ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది, భయపడి చేతిపిడి బిగబట్టేకొద్దీ ఇంకా కొట్టుకుంటుంది. నేను చక్రం వైపే చూస్తున్నానని సన్యాసిరావుకి అర్థమైంది. "సూపు దూరంగా పెట్టు తమ్ముడూ. నువ్వెటు సూస్తే బండి అటే ఎల్తాది" అన్నాడు. మంచి మాటే. అతని నోట వచ్చింది కాబట్టి నాకు చెవికెక్కలేదు.

చివరికి గట్టు మీద నుంచి నరసమ్మ లేచి వచ్చింది. నా మణికట్టు పట్టుకుని చూసింది.

"ఎందుకండీ అలా బిగబట్టేస్తన్నారు? నేను నూలు తీసినప్పుడు సెయ్యి ఇలా పెడితే పోగు ఉంటాదా?"

చెయ్యి వదులు చేశాను. బండి మైదానం ఆ చివర దాకా గీత గీసినట్టు వెళ్లింది. తిరిగొచ్చేసరికి సన్యాసిరావు చప్పట్లు కొడుతున్నాడు. నాకు సంతోషం వెయ్యలేదు. నా భార్య చెప్పింది కాబట్టి వచ్చింది, నీవల్ల కాదు అని చెప్పాలనిపించింది. బండి మళ్లీ తిప్పాను.

ఆదివారం రామతీర్థం ప్రయాణం. నేనూ నరసమ్మా బండి మీద, వాళ్లిద్దరూ బస్సులో అని అనుకున్నాం. పొద్దున ఏడింటికి సన్యాసిరావు తన పాంటు ఒకటి తెచ్చి ఇచ్చాడు. బురద చేరుతోందని గొలుసు మీది రేకు తీసేశాను, పంచెతో ఎక్కొద్దు అన్నాడు. అతని బండి మీద అతని పాంటు తొడుక్కుని నా భార్యని ఎక్కించుకుంటే ఇక నాదేముంది? అవసరం లేదన్నాను. పొందూరు పంచె కట్టుకునే బయల్దేరాను. సరే, ముందు మైదానంలో ఒంటరిగా ఒక చుట్టు తిరిగి రా, తర్వాతే ఆమెని ఎక్కించుకో అన్నాడు.

చెయ్యి వదులుగా, చూపు దూరంగా, సగం చుట్టు హాయిగా వెళ్లాను. మలుపు ఇంకా తిరక్కముందే పిడి మీది గుండ్రటి అద్దంలో నరసమ్మ కనిపించింది. పక్కన నిలబడి సన్యాసిరావు ఏదో చెబుతున్నాడు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు చూపించని నవ్వు అనిపించింది. అద్దంలోంచి కళ్లు తీయలేకపోయాను. చెయ్యి మళ్లీ బిగుసుకుంది, బండి వంకర్లు పోయింది, వేగం తగ్గించబోయి కాలు కిందికి జార్చాను. పంచె కుచ్చెళ్లు గొలుసులోకి వెళ్లాయి. చర్రున చిరిగిన చప్పుడు నేను పడకముందే విన్నాను.

మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. పంచె మాత్రం మోకాలి నుంచి కింద దాకా నూనె మసితో పీలికలైంది. ముందు పరిగెత్తుకొచ్చింది నరసమ్మే. నేను నేల మీద కూర్చునే, ఎందుకు నవ్వావని అడిగాను. బావ తాను నేర్చుకున్న మొదటి రోజు పెంటపోగులో దూరేశాడట, అది చెప్పాడు అంది. గొలుసులోంచి పంచె పోగులు ఒక్కొక్కటే లాగింది. నేను సిగ్గుపడి మోచేతి మట్టి దులుపుకున్నాను.

సన్యాసిరావు పాంటే తొడుక్కున్నాను. నడుముకి తాడు బిగించుకోవలసి వచ్చింది. తొమ్మిదిన్నర బస్సులో నేనూ నరసమ్మా రామతీర్థం వెళ్లాం. నెల్లిమర్ల దాటాక బండి మీద వాళ్లిద్దరూ మా బస్సుని దాటిపోయారు. వదిన చెయ్యి ఊపింది, నేను టికెట్టు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను. ఈ దారిన వెళ్లదలచిన వాళ్లకి చెబుతున్నాను, ఎండ ముదరకముందే కొండ ఎక్కండి, నీళ్లు తీసుకెళ్లండి. పైన పాత బౌద్ధుల ఇటుక గోడలున్నాయి, నీడ లేదు. రాముడి దర్శనం బాగా అయింది. ఏం మొక్కుకున్నానో మాత్రం రాయను.

సాయంత్రం నాలుగున్నర పాసెంజరుకి తిరుగు ప్రయాణం. సన్యాసిరావు రైలు కదిలేదాకా నిలబడ్డాడు. పాంటు నిదానంగా పంపించమన్నాడు. మంచివాడే, అదే నా బాధ. గరివిడి దాటాక నరసమ్మ సంచిలోంచి చిరిగిన పంచె తీసి ఒళ్లో పరుచుకుంది. మసి మరకని గోటితో గీరి చూసింది. ఏడాది కష్టం నాశనం చేశానన్నాను. ఎదురు బల్ల మీది ముసలమ్మ ఆ పంచెని చూసి, "అయ్యో, సన్నపు గుడ్డ" అని నిట్టూర్చింది.

"నూలుకేటి, మళ్లీ తీస్తాను" అంది నరసమ్మ, పంచె మడత పెడుతూ. "ఈపాలి నేతగాడికి పన్నా తగ్గించమని సెప్తాను. మోకాలు దిగితే సాలు."

పొట్టి పంచె ఎందుకని అడిగాను.

"గొలుసులో పడకుండా. మరి నన్ను రామతీర్థం ఎవులు తీసికెల్తారు?"

సన్యాసిరావు మీద నా కుళ్లు అప్పటికీ పూర్తిగా పోలేదు, ఉన్నమాటే. కానీ పొందూరు వచ్చేదాకా ఆ పాంటు నాకు అంత వదులుగా అనిపించలేదు.