కొబ్బరినూనె లేబుల్‌లో పచ్చ

తెరకు వేలాడదీసిన కలరిమీటర్ చివరి రంగు గడిని చదివి ఆగింది. సగటు డెల్టా ఈ 1.3 అని చూపింది. మానిటర్‌లో దోషం లేదని దాని అర్థం. ఆ మాట నేను పైకి అనగానే ఆపరేటర్ స్టెల్లా కుర్చీలోంచి లేచి నిలబడింది. మానిటర్ సరిగ్గా ఉంటే తప్పు తనదవుతుంది, పని పోతుంది. ముదలాళి, అంటే ప్రెస్ యజమాని, ఆ సంగతి పొద్దున నా ఎదుటే ఆమెకు చెప్పాడు.

ఇది కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు కోయంబత్తూరులోని ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్‌లో జరిగింది. మదురైలో ఒక దినపత్రికకు చాలా ఏళ్ళు కలర్ పేజీలు చూసి రిటైరయ్యాక, నేను ప్రెస్‌లకూ ఫోటో స్టూడియోలకూ వెళ్ళి మానిటర్లు కాలిబ్రేట్ చేస్తున్నాను. మానిటర్‌ను అరగంట వెలగనిచ్చి, వెలుతురునూ తెల్లదనాన్నీ ఉండాల్సిన చోటికి తెస్తాం. తర్వాత సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగునూ తెర మీద చూపిస్తుంటే కలరిమీటర్ కొలుస్తుంది. ఈ తెర ఏ రంగును ఎలా చూపుతుందో రాసిపెట్టుకునే ఫైలు ప్రొఫైల్. చూపాల్సిన రంగుకూ చూపిన రంగుకూ ఉన్న తేడా డెల్టా ఈ. అది రెండులోపు ఉంటే మామూలు కంటికి ఆనదు. తప్పు ఎక్కడుందో వెతకడానికి పిలిచినప్పుడు మాత్రం ఏదీ సరిచేయకుండా, ఉన్నది ఉన్నట్టు ముందు కొలవాలి. ఆ రోజు అదే చేశాను.

గొడవంతా కినత్తుకడవులో నూనె గానుగ నడిపే రాజమ్మాళ్ లేబుళ్ళ గురించి. వెనకంతా పసుపు నేల, దాని మీద ఒక కొబ్బరి మట్ట, అంతే లేబుల్. పోయినసారి వేసినవాటిలో నేల కాస్త వెలిసినట్టుందని ఆమె ఫోన్ చేసి రంగు పెంచమంది. అచ్చయి వచ్చేసరికి నేలంతా నిమ్మాకు రంగుకు తిరిగింది. ఒక కట్ట చంకలో పెట్టుకుని ఆమె బస్సెక్కి వచ్చేసింది. నేను కొలుస్తున్నంతసేపూ అక్కడే కూర్చుని ఉంది.

"నా నూనెకు పాచి పట్టినట్టుండాది చూడయ్యా," అని ఒక లేబుల్ నా చేతికిచ్చింది. "పచ్చ ఏత్తమని చెప్తిని. ఈ బిడ్డ ఉండేదాన్నీ దించేసె."

నా కంటికి ఆకుపచ్చ ఎక్కువైనట్టుంది. ఆమేమో పచ్చ పెంచమంటే తగ్గించారంటోంది. ఫోన్‌లో ఏ భాషలో మాట్లాడుకున్నారని స్టెల్లాను అడిగాను. తెలుగులోనే అంది. వాళ్ళది కూలి పని మీద బతికిన తెలుగు క్రైస్తవ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం.

"మీ ఇంట్లో పచ్చ అంటే ఏ రంగమ్మా?"

"ఆకు రంగే అన్నా. వేరేముండాది?"

రాజమ్మాళ్ ఆమె వైపు తిరిగింది. "అది ఆకుపచ్చ గదా. పచ్చ అంటే పసుపుకొమ్ము మాదిరి."

"దాన్ని మేము మంజ అంటాము, అమ్మా. మంజ అని ఒక్క మాట చెప్పుంటే సరిపోవును."

తమిళంలో పచ్చై అంటే ఆకు రంగే. స్టెల్లా పచ్చ ఆ దారిన వచ్చింది. రాజమ్మాళ్‌ది పాత తెలుగు పచ్చ. ఆండిపట్టి దగ్గర మా ఇంట్లో నాయనమ్మ కూడా చామంతులను పచ్చపూలనేది. వీళ్ళిద్దరూ తమిళంలో మాట్లాడుకుని ఉంటే ఈ పొరపాటు జరిగేదే కాదు. తమిళంలో మొదలైన మాటను, అవతల తెలుగు బిడ్డ అని తెలిసి, రాజమ్మాళే సంతోషంగా తెలుగులోకి మార్చిందట.

నా దగ్గరున్న రంగు బిళ్ళలు ఇచ్చి వరుసగా పేర్చమంటే స్టెల్లా ఒక్కటీ తప్పకుండా పేర్చింది. చూపులోనూ దోషం లేదు. తమిళుడైన ముదలాళి ఇదంతా ఓపికగా విని, మాట తేడా సంగతి ఒప్పుకున్నాడు. కానీ అచ్చుకు పోయేముందు ప్రూఫ్ మీద కస్టమర్ సంతకం ఉండాలన్నది ఆ ప్రెస్ కట్టుబాటు. అదెందుకు తీసుకోలేదని అడిగాడు.

"మనోళ్ళే గదా అనుకుంటిని," అంది స్టెల్లా తెలుగులో, నా వైపు చూసి. నేను దాన్ని ఆయనకు తమిళంలో చెప్పాల్సి వచ్చింది. సంతకానికని అంత దూరం రాలేనని చెప్పింది తానేనని రాజమ్మాళ్ మధ్యలో అందుకుంది.

రిపోర్టులో కారణం అన్న చోట, రంగు పేరుకు ఇద్దరికీ అర్థం వేరు అని రాశాను. ముదలాళి దాని కింద తన చేత్తో, సంతకం లేదు అని చేర్చాడు. రెండూ నిజమే.

అప్పటినుంచి ఏ ప్రెస్‌కు వెళ్ళినా, ఫోన్‌లో రంగు పేరు విని పని చేయొద్దని, రంగులకు నంబర్లున్న షేడ్ కార్డు చూపించి నంబరు అడగమని ఆపరేటర్లకు చెబుతున్నాను. మానిటర్‌ను కొలిచే పరికరం నా దగ్గర ఉంది. మాటను కొలిచేది లేదు.

స్టెల్లా పని పోలేదు. లేబుళ్ళను వేరే ఆపరేటర్ చేత మళ్ళీ వేయించారు. స్టెల్లాను ఒక్క రంగులో అచ్చేసే నోటీసుల దగ్గరికి మార్చారు. కలర్ మానిటర్ తిరిగి ఎప్పుడిస్తారని రెండుసార్లు అడిగాను. చూద్దామన్నాడు ముదలాళి. పోయిన నెల కాలిబ్రేషన్‌కు వెళ్ళినప్పుడు కూడా ఆమె నోటీసుల టేబుల్ దగ్గరే ఉంది.