మంద కాసిన నల్ల కుక్క

మా మేనత్తకు నగరం అంచున యాప్రాల్ దాటాక కొంచెం పొలం, ఒక గొర్రెల మంద ఉన్నాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా ఆమె గొర్రెలను వదల్లేదు. మామ పోయాక రెండు కుక్కలే ఆమెకు తోడు. నల్లది పెద్దది, పని తెలిసింది. ఎర్రది దాని కూతురు, ఇంకా దుడుకు తగ్గలేదు. మొన్నటి ఎండాకాలం అత్త కాలు జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను తిరుమలగిరిలో ఒక బడిలో టీచర్‌ని. సెలవులే కదా అని, ఆమెకు సాయంగా వెళ్లి అక్కడే ఉన్నాను.

ఆ కుక్క పని చేస్తుంటే చూడటమే నాకు కాలక్షేపమైంది. అత్త కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడదీసుకుని గట్టు మీద నిలబడేది. నాలుకతో ఒక్క చప్పుడు చేస్తే చాలు, నల్ల కుక్క మందకు దూరంగా పెద్ద వంపు తిరిగి అవతలి వైపుకు పరుగెత్తేది. మొరిగేది కాదు. తల దించి, ఆచితూచి అడుగులేస్తూ చూసేది, అంతే. ఆ చూపుకే గొర్రెలు దగ్గరికి జరిగి దారిలో పడేవి. రోడ్డు దాటేటప్పుడు అది అడ్డంగా నిలబడితే నీళ్ల ట్యాంకర్లు కూడా ఆగేవి. చూలు గొర్రె వెనకబడితే తరమకుండా పక్కనే నడిచేది.

"గిది లేకుంటే నా మంద ఎప్పుడో ఆగమైపోతుండె బిడ్డా" అనేది అత్త.

అయితే ఆ రోజుల్లోనే దొడ్డిలో గొర్రెపిల్లలు చనిపోవడం మొదలైంది. తెల్లారి చూస్తే మెడ కొరికేసిన గొర్రెపిల్ల పడి ఉండేది. తిన్న గుర్తు ఉండేది కాదు. తల్లి గొర్రె దాని చుట్టూ అరుస్తూ తిరిగేది. రోడ్డు పక్కన చికెన్ దుకాణాల వాళ్లు పారబోసే చెత్తకు మరిగిన ఊరకుక్కల పనే అని అత్త నమ్మింది. దొడ్డి చుట్టూ కంప ఇంకా ఎత్తుగా వేయించింది. అయినా ఆగలేదు.

ఒక తెల్లవారుజామున పొయ్యి వెలిగిద్దామని లేచాను. దొడ్డిలో గొర్రెలన్నీ ఒక మూలకు ఒత్తుకుని ఉన్నాయి. ఊరకుక్కేమో అనుకుని కర్ర పట్టుకుని వెళ్లాను. మధ్యలో నల్ల కుక్క ఉంది. దాని నోట్లో పిల్ల ఉంది. రెండుసార్లు విదిలించి కింద పెట్టింది. తర్వాత ముక్కుతో దాన్ని నెట్టింది, లేచి పరుగెత్తమన్నట్టుగా. అది లేవలేదు. కుక్క తల ఎత్తి నన్ను చూసి తోక ఊపింది. నా చేతిలో కర్ర ఉందన్న సంగతే మర్చిపోయాను.

అత్తను లేపి చెప్పాను.

"మసకల సరిగ్గ కనవడకపోవచ్చు. ఎర్రదాన్ని చూసినవేమో."

"కాదత్తా, నల్లదే. దగ్గరికెళ్లి చూసిన."

ఆ పొద్దున నల్ల కుక్క ఎప్పటిలాగే మందను తోలింది. ఒక గొర్రెపిల్ల కాలువ గట్టు దిగలేక నిలబడిపోతే అది వచ్చేదాకా ఆగింది. అత్త ఆ కుక్కనే చూస్తూ నడిచింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టుకోలేదు. మరో తెల్లవారుజామున ఆమె దొడ్డి పక్కన గొంగడి కప్పుకుని కాపు కాసి, తన కళ్లతోనే చూసింది.

పక్క పొలం అతను విషయం తెలిసి వచ్చాడు. "నెత్తురు రుచి మరిగినంక ఇడువది. మందు వెట్టి సంపుండ్రి, గంతే. లేకుంటే ఎర్రదానికి సుత నేర్పుతది" అన్నాడు.

"నా చేత్తోని అన్నం వెట్టిన. గా చేత్తోనే మందు వెట్టమంటవా?" అని అత్త లోపలికి వెళ్లిపోయింది. పగలు వదిలినా ఏ పిల్లను పడుతుందోనని, రాత్రీ పగలూ కట్టేసి చూద్దామంది. కట్టేస్తే రోజంతా అరిచి, మంద వెళ్లిన దిక్కుకు తాడు లాగి లాగి మెడ ఒరుసుకుపోయింది. ఎర్రది ఒక్కటే మందను ఆపలేకపోతే గొర్రెలు ఒక అపార్ట్‌మెంట్ గేట్లోకి దూరాయి, అక్కడివాళ్లతో మేం మాటలు పడాల్సి వచ్చింది.

చివరికి మౌలాలిలో ఉండే మా చిన్నమామ, అత్తకు మరిది, ఇంటి కాపలాకు తీసుకుపోతానని ట్రాలీ ఆటోతో వచ్చాడు. కుక్క ఎక్కలేదు. ఎత్తబోతే పళ్లు చూపించింది. అత్త దగ్గరికి వచ్చి, "ఎక్కు" అంది. ఒక్క మాటే. అది ఎగిరి ఎక్కి కూర్చుంది. ఆటో కదులుతుంటే దిగడానికి చూసింది గాని, అత్త చెయ్యి ఎత్తేసరికి ఆగిపోయింది.

కొన్ని వారాల తర్వాత నేను మౌలాలి వెళ్లాను. మెట్ల కింద గొలుసుతో కట్టి ఉంది. కాస్త ఒళ్లు చేసింది. సందులో పిల్లలు బంతాట ఆడుతుంటే గొలుసు అందినంత మేర వాళ్ల చుట్టూ వంపు తిరగాలని చూసింది. గొలుసు చాలక పడుకుంది. పిలిస్తే నావైపు తల తిప్పలేదు.

"మంచిగనే తింటుంది, తక్లీఫ్ ఏం లేదు" అన్నాడు చిన్నమామ.

చేతి కట్టు విప్పాక అత్త కూడా చూస్తానని నాతో బయలుదేరింది. సందు మలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను రాను బిడ్డా. నన్ను చూస్తే ఇంటికి తోల్కపోతందుకు వచ్చిందనుకుంటది. జెర సేపు ఉండి మర్లి పోతే దానికేం చెప్తం?"

నేను ఒక్కదాన్నే వెళ్లి వస్తానన్నా ఒప్పుకోలేదు. నడుచుకుంటూ బస్టాపుకు వచ్చాం. దారిలో చిన్నమామ ఫోన్ చేశాడు, చాయ్ పెట్టించిన, ఎక్కడిదాకా వచ్చిండ్రు అని. అత్త ఫోన్ నా చేతికిచ్చి, ఏదో ఒకటి చెప్పమంది. అత్తకు ఒంట్లో బాగా లేదట, మళ్లీ వస్తుందట అని చెప్పాను. ఇప్పుడు దొడ్డిలో గొర్రెపిల్లలు చావడం లేదు. అత్త మందతో పాటు తనే పరుగెత్తుతోంది.