సద్దు చెయ్యకుండా ఆడిన ఆటలు

నా దగ్గర పాత వీడియో గేమ్ మిషన్లు పదకొండు ఉన్నాయి. అన్నీ పనిచేస్తాయి. ఒక్కొక్కటీ విప్పి, దూదికి స్పిరిట్ అద్ది తుడిచి, ఊడిన తీగలకి నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. పోయిన నెల ఒక ఆదివారం రాయపూర్‌లో నాలాంటి పిచ్చివాళ్ళంతా కలుసుకుంటున్నారంటే ఎగేసుకుని వెళ్ళాను. అక్కడ ఒకాయన పోటీ పెట్టాడు. పాత ఆటల్లోని సంగీతం వినిపిస్తాడు, అది ఏ ఆటో చెప్పాలి. ఆ గదిలో వయసులో పెద్దవాణ్ణి నేనే, ఎక్కువ మిషన్లున్నదీ నాకే. పది వేశాడు. ఒక్కటంటే ఒక్కటి నాకు తెలియలేదు. నిన్నగాక మొన్న ఫోన్లో ఆ ఆటలు ఆడిన కుర్రాళ్ళు మొదలవగానే అరిచి చెప్పేస్తున్నారు. పక్కనున్నవాడు నా భుజం తట్టి, "భయ్యా, కొని దాచుకోవడమేనా, ఆడరా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఆడానయ్యా. ఆ పదీ చివరిదాకా ఆడాను. వినలేదు, అంతే. ఇప్పటికీ అలవాటు కొద్దీ సౌండు తీసేసే ఆడతాను.

మా నాన్న దుర్గ్ దగ్గర స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. రుఆబాంధా కాలనీలో ప్లాంటువాళ్ళిచ్చిన మా క్వార్టరుకి రెండే గదులు, మధ్యలో తలుపు కూడా లేదు, పరదా. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే ఆయన పొద్దున్నే వచ్చి, ఇంత తిని, లోపలి గదిలో పడుకునేవాడు. ఇక సాయంత్రం దాకా అది ఇల్లు కాదు, ఆసుపత్రి. కూత పెడుతుందని అమ్మ కుక్కరు ముట్టేది కాదు, అన్నం గిన్నెలో వార్చేది. నేనూ చెల్లీ సైగలతో పోట్లాడుకునేవాళ్ళం. మిగతా వారాలు మాత్రం ఏం గొప్ప? ఫస్ట్ షిఫ్టయితే మధ్యాహ్నం వచ్చి పడుకునేవాడు, సెకండ్ షిఫ్టయితే పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు.

దుర్గ్ బజారులో కొన్న గేమ్‌ని మేం టీవీకి తగిలించగానే అమ్మ వచ్చేది. సౌండు మీట సున్నాకి తిప్పి, ఆ మీట ఊడబీకి పోపులపెట్టెలో పడేసేది. నాన్న డ్యూటీకెళ్ళిన పూట కూడా, అలవాటు తప్పుతారని, అది తిరిగి ఇచ్చేది కాదు. "మీ నాన్న తొంగున్నారర్రా. నిద్దర సెడిపోతే అంతెత్తు క్రేన్ మీద తూలిపోతారు. ఏటనుకుంటన్నారో!" అనేది. ఆ మాటకి మాకు హడల్. గెలిస్తే నేను తలగడ నోట్లో కుక్కుకుని అరిచేవాణ్ణి. ఓడిపోతే చెల్లి ఏడవడానికి పెరట్లోకి పరిగెత్తేది. తెర మీద విమానాలు పేలిపోయేవి, ఏ చప్పుడుతో పేలేవో మాకు తెలీదు.

చెప్పుకోడానికి సిగ్గే గానీ, నాన్న మీద నాకు కోపం అప్పుడే పుట్టింది. ఆయన పరదా తొలగించుకుని ఇవతలికి రాగానే ఆట ఆపేసి పుస్తకాలు తీసేవాళ్ళం. ఆయన మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు, కసరలేదు. అయినా ఆయన ఇంట్లో ఉంటే నాకు ఊపిరాడేది కాదు. అదే అలవాటైపోయింది. కాలేజీకెళ్ళాక కూడా ఆయన గదిలోకొస్తే నా నోరు మూతపడేది. తర్వాత అమ్మ పోయింది. నాన్న రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఆ పక్కనే రిసాలిలో నేనుంటున్న ఇంటికొచ్చేశాడు. నాలుగేళ్ళయింది. మా ఇద్దరి మధ్యా రోజుకి పది మాటలు జరిగితే ఎక్కువ.

రాయపూర్ నుంచి వచ్చిన మర్నాడు సెలవు పెట్టాను. మధ్యాహ్నం నాన్న భోంచేసి పక్క గదిలో నడుం వాల్చాడు. నేను చిన్నప్పటి మిషన్ తీసి, స్పీకర్లు తగిలించి, సౌండు మొత్తం పెంచేశాను. కక్షతోనే, బుకాయించను. లేవనీ, ఏంటీ గోల అని ఒక్కసారి అననీ, నా చిన్నతనం సగం నువ్వే మింగేశావని మొహం మీదే అడిగేస్తాను అనుకున్నాను. కిటికీ అద్దాలు అదిరిపోతున్నాయి. తీరా వింటే ఆ సంగీతమేమిటి, నా మొహం, రేకు డబ్బాలో గులకరాళ్ళేసి ఆడించినట్టుంది. ఇన్నేళ్ళూ నేను కుళ్ళి చచ్చింది దీనికోసమా!

నాన్న లేచొచ్చాడు. గుమ్మంలో నిలబడి తెర వంక చూశాడు.

"దీనికి పాట కూడా ఉందేటి?" అన్నాడు.

"ఎప్పుడూ ఉంది. నువ్వు పడుకుంటావని అమ్మ ఆపేసేది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను సౌండు తగ్గించాను.

"నానెక్కడ పడుకున్నాన్రా? పగలు నాకు నిద్దరెప్పుడు పట్టింది? మంచం మీద పడుండి ఆ పరదా వేపే సూసీవోణ్ణి."

"మరి అమ్మకా మాట చెప్పలేదేం?"

"ఏటని సెప్తాను? నాను గుమ్మంలోకి రాగానే మీరంతా నోరు కుట్టేసుకునీవోరు. అమ్మ కాడ నవ్వుతారు, నన్ను సూసి పుస్తకాలు తీస్తారు. పిల్లలకి నానంటే పడదు గావాల, మజ్జిలోకెల్లి ఆళ్ళ ఆట సెడగొట్టడం ఎందుకని అక్కడే పడుండీవోణ్ణి."

నేను కడుపులో దాచుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. "అయ్యో, అదేం కాదు నాన్నా, నీ నిద్ర కోసమే" అనాలి. అంటే ఆయనకి చాలు. నిజమే, మొదట్లో ఆయన నిద్ర కోసమే. కానీ తర్వాత్తర్వాత నిజంగానే ఆయన నాకు పడలేదు. ఆయన పరదా వెనక పడుకుని అనుకున్నదంతా నేను ఏడాదికేడాది నిజం చేసుకుంటూ వచ్చాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. కాదని అంటానని ఎదురు చూశాడు. నేను అనలేదు.

"సర్లే, ఆడుకో" అని లేచాడు. లోపలికెళ్ళి, సద్దు కాకుండా తలుపు దగ్గరగా వేసుకున్నాడు.