పగ్గాలు అమ్మ చేతికొచ్చిన రోజు

మొన్న చౌటుప్పల్ దవాఖానకు మా కోడలు కారు నడుపుకుంటూ తీసుకుపోతుంటే, పక్క సీట్లో కూర్చున్న నా మనసు ఒక్కసారిగా ఎడ్లబండి ఎక్కేసింది. రజాకార్ల పేరు చెబితే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యే రోజులవి. మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి.

మా నాయినకు దమ్ము జబ్బు, అదే ఉబ్బసం. చలిగాలి తగిలినా, కళ్లంలో దుమ్ము లేచినా ఊపిరందక గోడకానుకొని కూర్చుండిపోయేవాడు. ఒకరోజు రజాకార్లు పక్కపల్లెను తగలబెట్టి మా ఊరివైపు వస్తున్నారని కబురొచ్చింది. జనమంతా గుట్టలవైపు పరుగెత్తుతుంటే నాయిన మాత్రం అరుగు మీద కూలబడ్డాడు.

"పిల్లను తీస్కొని నువ్వు పో. నేను ఉరుకలేను," అన్నాడు రొప్పుతూ.

"నువ్వు లేంది మేమేడికి పోతం? లెవ్వు, బండెక్కు," అంది అమ్మ.

అప్పటిదాకా ఎడ్లకు మేత వేయడమే గాని పగ్గం పట్టి ఎరుగని అమ్మ, కొంగు నడుముకు బిగించి బండి కట్టింది. రాళ్లబాటలో బండి ఎగిరెగిరి పడుతుంటే, వెనక నుంచి నాయిన "పగ్గం జర ఇడువు, గట్ల గుంజకు" అని ఊపిరికీ ఊపిరికీ మధ్య చెబుతుంటే, భయపడాల్సిన నేను ఆనందం పట్టలేక కేకలు పెట్టాను. మా అమ్మ బండి తోలుతున్నది!

పోలీసు యాక్షన్ జరిగి, మిలిటరీ లారీలు సడకు మీద కనబడ్డాక అందరం ఊరికి తిరిగొచ్చాం. పట్టపగలు, ఊరి నడుమ నుంచి అమ్మే బండి తోలుకొచ్చింది. ఆ పూట నా గర్వానికి అంతులేదు. పెదనాయినకు మాత్రం అది నచ్చలేదు.

"తమ్మీ, ఇగ బండి నువ్వే తోలుకో. ఆడిది తోలితే నలుగురేమంటరు?"

"నాకు దమ్మాడదన్నా. ఎవుసం ఆమె చేస్తది, వంట నేను చేస్త. ఆ నలుగురికి ఆకలైతే రమ్మను, పెడత," అన్నాడు నాయిన.

అట్లా అమ్మ బావి మీద ఎడ్లతో మోట తోలి పొలానికి నీళ్లు పెట్టింది, నాయిన రొట్టెలు కాల్చి, దగ్గుకుంటూనే నాకు జడ వేశాడు. ఆయన వేసిన జడ సాయంత్రం దాకా వదులయ్యేది కాదు.

ఇప్పుడు ఆ పొలాలన్నీ ప్లాట్లయినాయి. నాయినకొచ్చిన జబ్బుకు మంచి మందులూ వచ్చాయి. అవి అప్పుడే ఉంటే ఆయనకు అంత యాతన తప్పేదే. కాని అప్పుడాయన పొద్దంతా పొలంలోనే ఉండేవాడు; వంటింట్లో కూర్చున్న నాయినను నేను అంత దగ్గరగా ఎరిగి ఉండేదాన్ని కాదేమో.