యుద్ధనౌకకు బీడీ ముడి

మదీనాగూడ ఫ్లాటులో మా డైనింగ్ టేబులు నాలుగు నెలలపాటు ఓడరేవు. మేం సోఫాలో తినేవాళ్లం. టేబులు మీద మూరెడు పొడవు ప్లాస్టిక్ యుద్ధనౌక, నేను ముక్కముక్కా అతికించింది. కిట్‌లో ఇచ్చినట్టు కట్టేసి ఊరుకుంటే నా గొప్పేముంది? అసలు ఓడకున్నట్టే రెండు స్తంభాల మధ్య వైర్‌లెస్ తీగలు కూడా కడతానని ఆఫీసులో డప్పు కొట్టుకున్నాను. "అయితే ఆదివారం భోజనానికొచ్చి చూస్తాం" అన్నారు మా మేనేజరు మేడమ్.

తీగలంటే వెంట్రుకంత సన్నని దారాలు. శనివారం పొద్దున్నే కూర్చున్నాను. ముడి పడితే దారం తెగేది, దారం ఆగితే స్తంభం ఊడేది. పదకొండయ్యేసరికి నా బొటనవేలూ చూపుడువేలూ జిగురుతో అతుక్కుపోయాయి. "మీకెందుకండీ ఈ తిప్పలు?" అంది మా ఆవిడ. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఇంట్లో వంట చేసే ఆవిడది కామారెడ్డి వైపు. గరిటె పక్కన పెట్టి వచ్చింది.

"జర జరగున్రి సార్. గింత దానికి గంత పరేషానెందుకు?"

ఆవిడ ఊళ్లో పదిహేనేళ్లు బీడీలు చుట్టిందట. దారం రెండు చుట్లు తిప్పి, గోటితో బిగించింది. అంతే! కుక్కరు నాలుగో విజిల్ వేసేలోపు తీగలన్నీ అయిపోయాయి.

ఆదివారం టీమంతా దిగింది. "ఇవన్నీ మీరే కట్టారా?" అని మేడమ్ అడిగితే, "ఇంకెవరు కడతారండీ?" అనేశాను. వంటింట్లోంచి పోపు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అంతలో మేడమ్ వేలు తగిలి ఒక తీగ తెగింది. "అయ్యో, సారీ! మళ్లీ కట్టండి, వీడియో తీస్తాను" అంటూ ఫోను పట్టారు. ట్వీజర్ తీసుకున్నాను. ఒకసారి తెగింది. రెండోసారి జారింది. చెమటలు కారిపోతున్నాయి. మా ఆవిడ ఫ్యాను వంక చూస్తోంది.

మంచినీళ్లు తెచ్చిన వంటావిడ నన్నోసారి చూసి, ట్రే కింద పెట్టి, చటుక్కున ముడి వేసేసింది.

"అరే, నీకెలా వచ్చమ్మా?" అన్నారు మేడమ్.

"సారే నేర్పిండమ్మా. ఇయ్యాల సార్‌కు జర చెయ్యి గుంజుతుందంట."

అందరూ నాకు చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. "కాదండీ! నాకసలు రాదు, తీగలన్నీ ఆవిడే కట్టింది" అని గట్టిగానే చెప్పాను.

మేడమ్ నా భుజం తట్టారు.

"ఎంత వినయమండీ మీకు!"